దొంగ తొక్కుడు

ఉదయగిరిలో సైకిలు నేర్చుకున్న ప్రతివాళ్ళూ మొదట నేర్చుకునేది దొంగ తొక్కుడే. సీటు మీద కూర్చుంటే కాళ్ళు అందవు కాబట్టి, కడ్డీ కింద సందులోంచి కుడికాలు అవతలికి దూర్చి, ఎడమచేత్తో హ్యాండిలు పట్టుకుని, కుడిచంకలో సీటు ఇరికించుకుని, ఒళ్ళంతా ఒక పక్కకు వేలాడేసి అరచుట్టు అరచుట్టుగా తొక్కుకుంటూ పోవడం. దానికి దొంగ తొక్కుడని పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడికి మాత్రం సీటు అంది ఉంటుంది.

షరీఫున్నీసాకు ఎనిమిదో ఏట ఆ విద్య అబ్బింది. బస్టాండు వెనక సైకిలు షాపు వాళ్ళ నాన్న వహాబుది. ఇంటి నిండా సైకిళ్ళు ఉన్నప్పుడు పిల్ల తొక్కక ఏం చేస్తుంది? పదిహేడో ఏట లారీ డ్రైవరు చాంద్ బాషాకు ఇచ్చి పెళ్ళి చేశారు. ఆయన బొంబాయి లైనులో నెలకు ఇరవై అయిదు రోజులు రోడ్డు మీదే. ఈమె పిల్లలిద్దరినీ బడికి పంపించి, రెండు వీధులు దాటి వచ్చి షాపులో కూర్చునేది. మొదట్లో ఊరికే కూర్చునేది. తర్వాత వహాబు కళ్ళకు పొర కమ్మింది. తొట్లో నీళ్ళలో ముంచిన ట్యూబు నుంచి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో ఆయనకు కనపడకుండా పోయింది. ఆయన చెవి పెట్టి వినేవాడు, ఈమె వేలు పెట్టి చూపించేది. రెండేళ్ళు తిరిగేసరికి పానా, సుత్తి, పంపు అన్నీ ఈమె చేతికి వచ్చేశాయి.

అయితే ఊరి నోరు మాత్రం మారలేదు. మోచేతుల దాకా గ్రీసుతో ఆమె చక్రం బిగిస్తూ ఉంటే వచ్చి, "వహాబు లేడా?" అని అడిగేవాళ్ళు.

"నేనుండా గదా. ఏం కావాల?"

"ఏం లా. మళ్ళీ వస్తాలే."

ఆ మళ్ళీ వచ్చేవాడు మళ్ళీ వచ్చేవాడు కాదు. సందు చివర ఇంకో షాపులో తేలేవాడు. ఇట్లా ఎంతకాలమని, వహాబుకు విసుగు పుట్టింది. సోడా షాపు పెట్టుకుంటాను, ఆ కొట్టు నాకివ్వమని శీనయ్య ఏడాదిగా చుట్టూ తిరుగుతున్నాడు. ఇచ్చేద్దామా అని కూడా అనుకున్నాడు ముసలాయన.

1982 ఫిబ్రవరిలో రామనారాయణ అయ్యవారి కాగితం వచ్చింది. ఆయన హైస్కూల్లో సోషలు చెప్పేవాడు. పుస్తకంలో ఊళ్ళు చదివితే సరిపోదు, కాళ్ళతో చదవాలి అనే మనిషి. ఏడాదికొకసారి పదిమందిని కూడగట్టుకుని దూరం ఊరికి సైకిలు యాత్ర కట్టేవాడు. ఒకసారి తిరుపతి, ఒకసారి శ్రీశైలం, ఆ ఏడు మద్రాసు. తోవలో రిపేర్లకు ప్రతి ఏడూ వహాబు వెంట వెళ్ళేవాడు. కాగితం మీద వరుసగా తనతో కలిపి ఎనిమిది పేర్లు రాసి, తొమ్మిదో వరుసలో "వహాబు షాపు మనిషి" అని రాసి పంపించాడు. ముసలాయన కళ్ళ సంగతి తెలుసు కాబట్టి, ఎవరినో కుర్రాడిని పంపిస్తాడులే అనుకున్నాడు.

షరీఫున్నీసా ఆ కాగితం మూడుసార్లు చదువుకుని, "అబ్బా, నేను పోతా," అని తండ్రితో అంది.

వాళ్ళమ్మ ఖాదర్‌బీ చేతిలో చాట విసిరి కొట్టింది. "మొగోళ్ళ మందతో మద్రాసుకా! ఊరు నోట్లో నీళ్ళు పోసుకుంటుందా?"

"రాత్రి పడకకు ఆత్మకూర్లో మా ఆడబిడ్డ ఇల్లుండాది, నెల్లూర్లో పిన్నమ్మ ఉండాది, గూడూర్లో నీ తమ్ముడు ఉండాడు. పగలంతా రోడ్డు మీద ఉంటా, లోకమంతా చూస్తా ఉంటుంది. పిల్లకాయలు నీ కాడ ఉంటారు. ఇంకెందుకమ్మా బయం?"

వహాబు ఆ కాగితాన్ని తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. చివరికి, "పో," అన్నాడు. "కానీ ఒక మాట. మద్రాసు పొయ్యొస్తే షాపు నీది, నీ పేరు మీదే బోర్డు రాయిస్తా. ఆత్మకూరు కాడ బస్సెక్కి వెనక్కొచ్చినావా, తాళం శీనయ్యకి ఇచ్చేస్తా. సగంలో దిగిపొయ్యే రిపేరోడి కాడికి ఎవురూ సైకిలు తేరు."

షాపులో గంటల లెక్కన అద్దెకు తిరిగేవన్నీ మగ సైకిళ్ళే. ఒక్కటే ఆడ సైకిలు ఉండేది, మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి బదిలీ అయిపోయిన లిదియమ్మ వదిలేసి పోయింది. షరీఫున్నీసా దానికి తెల్లవార్లూ నూనె పెట్టి, వెనక క్యారేజీకి పనిముట్ల పెట్టె కట్టి, కొంగు నడుముకు బిగించి, పొద్దు పొడవకముందే బస్టాండు దగ్గరికి చేరింది.

పెంచలనరసింహం అప్పటికే వచ్చి ఉన్నాడు. బట్టల కొట్టు ఆయనది. మల్లెపువ్వు లాంటి తెల్ల ప్యాంటు, కొత్త సైకిలు. ఆ ప్యాంటు ఇస్త్రీకి వాళ్ళావిడ పద్మావతమ్మ రెండు పూటలు తిట్టుకుందని వీధి వీధంతా తెలుసు. ఆ సైకిలుకు చైను కనపడకుండా పూర్తిగా మూసేసిన డబ్బా మూత ఉంది. "చూడండి, మద్రాసు దాకా పొయినా నా ప్యాంటుకు నూనె మరకంటే ఒట్టు," అని అందరికీ చూపిస్తున్నాడు. షరీఫున్నీసాను చూసి ఆగాడు.

"ఏందమ్మే, మీ నాయన యాడ?"

"ఇంట్లో ఉండాడన్నా."

"మరి షాపు మనిషేడీ?"

"నీ ఎదురుగానే ఉండా గదా."

పెంచలనరసింహం నవ్వాడు. ఆయన నవ్వితే పక్కన ఇద్దరు నవ్వుతారు, వాళ్ళ చొక్కాలు ఆయన కొట్లోవే. "మనిషంటే మొగమనిషి."

"కాయితంలో మొగమనిషి అని రాయలా అన్నా, మనిషని రాసినారు. నన్ను ఆడమనిషనే గదా అంటారు? ఆడగొడ్డనరు గదా?"

పోస్టుమాన్ చెంచయ్య పగలబడి నవ్వాడు. తాటిచెట్టంత పొడుగు మనిషి, ముప్పై ఏళ్ళుగా సైకిలు మీదే ఉత్తరాలు పంచుతున్నాడు. "రాసింది అయ్యోరే గదరా. సోషలు అయ్యోరు తెలుగు తప్పు రాస్తాడా ఏంది?"

రామనారాయణ గడ్డం గోక్కున్నాడు. తీసుకుపోతే ఊరేమంటుందో, వద్దంటే తోవలో పంక్చర్లు ఎవరు వేస్తారో. ఆయన మంచివాడే గానీ పదిమంది నవ్వితే భయపడే మంచివాడు. చివరికి ఒక తీర్పు చెప్పాడు. "ఆత్మకూరు దాకా చూద్దాం. నలభై మైళ్ళ దారి. మనందరికీ ఉన్న రూలే నీకూనమ్మా. ఆగొచ్చు, దిగి తోసుకోవచ్చు. సైకిలు మాత్రం మన కాళ్ళతోనే పోవాల. ఇంకో బండి సాయం తీసుకుంటే వాళ్ళ యాత్ర అక్కడితో సరి. ఆత్మకూరు దాకా వచ్చినావా, మద్రాసు దాకా నువ్వే మా రిపేరు."

"రాకపోతే?"

"సాయంత్రం బస్సుండాది."

"ఆ బస్సు ఖాళీగానే పోతుంది లెండి," అంది షరీఫున్నీసా.

దుత్తలూరు దాటకముందే తుమ్మముల్లు దిగి మొదటి పంక్చరు పడింది. ఎవరిది? కొత్త సైకిలుదే. పెంచలనరసింహం తుమ్మచెట్టు కింద చేతిగుడ్డ పరుచుకుని కూర్చున్నాడు. ఆమె ముందు చక్రం విప్పి, ట్యూబు లాగి, కాలువ నీళ్ళలో ముంచి, రబ్బరు ముక్క అతికించి, గాలి కొట్టేసరికి ఆయన సగం బీడీ కూడా తాగలేదు. అయినా ఊరుకోలేదు.

"గట్టిగా అతికిందా అమ్మే? మళ్ళీ ఊడదు గదా?"

"ముల్లు తీసి ట్యూబుకు ముక్క అతికించినానన్నా. నోటికి అతికించాలంటే ముక్క చాలదు."

వింజమూరులో అన్నాలు తినేలోగా ఇంకో రెండు పంక్చర్లు వేసింది, ఒకరి బ్రేకు బిగించింది, ఒకరి పెడలు మార్చింది. రామనారాయణ చూస్తూనే ఉన్నాడు. ఆయన ముఖంలో పొద్దుటి అనుమానం సగానికి తగ్గింది. ఎండ ముదిరింది. ఆరుగురు ముందు, ముగ్గురు వెనక, ఎవరి ఊపిరి వాళ్ళది అన్నట్టు జనం చెదిరిపోయారు. అనుమసముద్రంపేట దర్గా మలుపు కూడా దాటారు. ఇక ఆత్మకూరు నాలుగు మైళ్ళు ఉందనగా ఒక పెద్ద మిట్ట వచ్చింది. కొండ కాదు గానీ, అలిసిపోయినవాడికి కొండకు తక్కువా కాదు.

ఆ మిట్ట మొదట్లో లిదియమ్మ సైకిలు 'కటక్' అంది.

షరీఫున్నీసా దిగి వంగి చూసింది. సీటు కింద గొట్టం అతుకు దగ్గర అడ్డంగా చీలిపోయింది. ఆడ సైకిలుకు పైన కడ్డీ ఉండదు, పనిముట్ల పెట్టె బరువంతా ఆ ఒక్క అతుకు మీదే పడింది. పంక్చరైతే అతికించొచ్చు, చువ్వ విరిగితే మార్చొచ్చు. చీలిన గొట్టానికి వెల్డింగు పెట్టాలి. రోడ్డు మీద వెల్డింగు ఎక్కడుంది? ముప్పై ఆరు మైళ్ళు తొక్కింది, మిగిలింది నాలుగే. శీనయ్య సోడా సీసాలు షాపులో వరుసగా పేర్చినట్టు కళ్ళకు కట్టింది.

వెనకాల వస్తున్నవాళ్ళు ఇద్దరే. పెంచలనరసింహం, చెంచయ్య. పెంచలనరసింహం సైకిలు దిగి చూశాడు. "చెప్తే విన్యావా? ఎనక దర్గా కాడ బస్సొస్తుంది, ఎక్కిపో. ఆడోళ్ళకు ఇదంతా ఎందుకు, ఊరకనే నవ్వులపాలు," అని చెప్పి, సైకిలు తోసుకుంటూ మిట్ట ఎక్కసాగాడు.

చెంచయ్య మాత్రం కదలలేదు. సైకిలు పక్కన పెట్టి, ఒక కాలు చాచి, ముఖం చిట్లించి నిలబడ్డాడు.

"షరీపూ, ఒక మాట చెప్తా, నవ్వబాకు. వింజమూరు కాడ్నించి నా మోకాలు పట్టేసింది. అయ్యోరికి ఎట్టా చెప్పాలా అని చూస్తా ఉండా. పోస్టుమానుకు మోకాలు పట్టేసిందంటే పరువేమైపోతుంది చెప్పు. నా సైకిలు నువ్వు తీసుకో. నేను నీ సైకిలు బస్సు మీదేసుకుని వస్తా, బస్సులో వచ్చినానని అందరికీ నేనే చెప్తా."

"మామా! నీ యాత్ర పోతుంది."

"నా యాత్ర నా మోకాలు ఎప్పుడో ఆపేసింది లేమ్మే."

ఆమె పానా తీసి సీటు దించబోయింది. చెంచయ్య పొడుగుకు పెట్టిన సీటు ఆమె రొమ్ములెత్తున ఉంది. మర వదులైంది గానీ సీటు గొట్టం కదలలేదు. ముప్పై ఏళ్ళ వానలకు తుప్పుపట్టి ఇనుమూ ఇనుమూ ఒకటైపోయాయి. సుత్తితో కొట్టింది. కిరసనాయిలు పోసి గంట నానబెడితే వస్తుందేమో, ఆ రోడ్డు మీద కిరసనాయిలు ఎవరిస్తారు?

చెంచయ్య నిట్టూర్చాడు. "ఇంకేం చేస్తావు. దా, బస్సెక్కుదాం."

షరీఫున్నీసా సైకిలు వంక చూసింది. సీటు అందదు. సీటు అందనప్పుడు ఏం చేసేవాళ్ళం? ఎనిమిదో ఏట దొరికిన జవాబు ఇరవై నాలుగేళ్ళ తర్వాత కూడా కడ్డీ కింద సందులో అట్లాగే ఉంది. చీర మోకాళ్ళ పైకి గోచీ బిగించింది. పనిముట్ల పెట్టె క్యారేజీకి కట్టింది. ఎడమకాలు పెడలు మీద పెట్టి, కుడికాలు సందులోంచి దూర్చింది.

"నీ తల్లి కడుపు చల్లగుండా! దొంగ తొక్కుడా?" అన్నాడు చెంచయ్య. "ముప్పై దాటిన మనిషివి!"

"కాళ్ళు నాయే గదా మామా," అంటూనే సాగిపోయింది.

ముప్పై రెండేళ్ళ ఒళ్ళు ఎనిమిదేళ్ళ సందులో పట్టడం అంత తేలిక కాదు. కడ్డీ తొడకు ఒత్తుకుంది. కుడి పిక్క ప్రతి చుట్టుకూ చైనుకు తగిలి గీసుకుపోయింది. చంకలో సీటు కత్తిలా దిగింది. మిట్ట సగంలో ఉన్నప్పుడు, పైన ఆగి ఆగి తోసుకుంటున్న పెంచలనరసింహం ఇంకా కనపడుతుండగానే, నిమ్మకాయల బస్తాలతో ఒక లారీ మూలుగుతూ ఆమెను దాటిపోయింది. అది లేపిన దుమ్ములో కాసేపు ఏమీ కనపడలేదు. మిట్ట తలమీదికి ఎక్కేసరికి దుమ్ము అణిగింది. ముందు మైలు దూరం రోడ్డు తాడులా పరుచుకుని ఉంది, దాని మీద కాకి కూడా లేదు.

ఆమెకు అప్పుడే అనుమానం వచ్చింది. ఇందాకే కదా పెంచలనరసింహం సైకిలు తోసుకుంటూ మిట్ట ఎక్కుతూ ఉన్నది? ఎటు మాయమయ్యాడు? కానీ అనుమానం తీర్చుకునేందుకు ఊపిరి మిగలలేదు.

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఎస్తేరమ్మ టీ కొట్టు ముందు ఏడుగురూ కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం మూడు దాటింది. అర్ధ చంద్రంలా వేలాడుతూ, జుట్టు ఊడి, చీర చిరిగి, పిక్క మీద నెత్తురు చారతో షరీఫున్నీసా బస్టాండులోకి దొంగ తొక్కుడు తొక్కుకుంటూ వచ్చేసరికి బస్సుల కోసం కూర్చున్న జనమంతా లేచి నిలబడ్డారు. ఈలలు వేసినవాళ్ళు వేశారు, నవ్వినవాళ్ళు నవ్వారు. ఆమె కొట్టు దాకా వచ్చి, దిగి, కడవలో నీళ్ళు ముంచుకుని తాగింది. ఎందుకు ఈ సైకిలు తెచ్చిందో రెండు ముక్కల్లో చెప్పింది.

రామనారాయణ లేచాడు. ఆయన ఏదో అనేలోగా పెంచలనరసింహం అందుకున్నాడు. ఆయన కుడిచేతిలో గోలీసోడా ఉంది. ప్యాంటు ఇంకా తెల్లగానే ఉంది.

"అయ్యోరా, ఇది లెక్కలోకి రాదు. దొంగ తొక్కుడు తొక్కితే తొక్కినట్టా? అది పిల్లకాయలు తొక్కేది. దాని పేర్లోనే దొంగతనం ఉండాది. రేప్పొద్దున మద్రాసులో ఇట్టా వేలాడతా వస్తే మనల్ని చూసి ఎవురైనా ఏమనుకుంటారు?"

జనంలో నవ్వులు లేచాయి. రామనారాయణ చూపు కిందికి దిగింది. "అదీ నిజమే అనుకో... నరసింహం చెప్పేదాంట్లో కొంచెం..."

షరీఫున్నీసాకు అర్థమైంది. పదిమంది నవ్వుకు అయ్యవారి మంచితనం కరిగిపోతోంది. ఇంకో రెండు మాటలు పడితే సాయంత్రం బస్సే. ఆమె గ్లాసు కింద పెట్టి పెంచలనరసింహం వైపు తిరిగింది. అప్పుడు కనపడింది, ఆయన ఎడమచేయి. అది ప్యాంటు జేబులో ఉంది. ఇంత ఎండలో, చెమటలు కారుతుంటే, జేబులో చేయి ఎందుకు?

"అన్నా, ఊరకనే అడగతా ఉండా. నేను మిట్ట ఎక్కి చూస్తే మైలు దూరం నువ్వు లా. తోసుకుంటా పొయ్యే మనిషివి, అంత బిరీన ఎట్టా పొయినావు?"

"తొక్కినా. కొత్త సైకిలు."

"అట్నా. సరే, ఆ సోడా ఎడమచేత్తో పట్టుకో."

"ఎందుకు?"

"ఊరకనే. చూద్దామని."

పెంచలనరసింహం చేయి ఇంకా లోపలికి పోయింది. టీ వడపోస్తున్న ఎస్తేరమ్మ గరిటె ఆపింది. "గుమ్మడికాయల దొంగంటే బుజాలు తడుముకున్నట్టు, దొంగ తొక్కుడంటే జేబులు తడుముకుంటా ఉండాడేందమ్మా ఈయన?"

"చెయ్యి చూపించు నరసింహం," అన్నాడు రామనారాయణ.

చూపించక తప్పలేదు. అరచెయ్యంతా నలుపు. నలుపులో ఎర్రగా తుప్పు. అడ్డంగా బొటనవేలంత లావు లంకెల గుర్తులు నాలుగు, అచ్చు గుద్దినట్టు.

"చైను ఊడితే పెట్టుకున్నా," అన్నాడు.

"డబ్బా మూత విప్పకుండానా?" అంది షరీఫున్నీసా. "మూత మరల మీద పొద్దుటి దుమ్ము అట్టానే ఉండాది చూడండి అయ్యోరా. సైకిలు చైనుకు లంకె ఇంతే ఉంటుంది, చిటికెనవేలి గోరంత. ఇది లారీ ఎనక తలుపు గొలుసు. నిమ్మకాయల లారీ. మా ఇంటాయన చొక్కాలు పదిహేనేళ్ళుగా ఉతకతా ఉండా, ఈ మరక నాకు తెలవదా? సబ్బుకు పోదన్నా ఇది, బూడిద పెట్టి రుద్దుకో."

ఈసారి నవ్వు అటు మళ్ళింది. ఆయన కొట్లో చొక్కాలు కుట్టించుకున్న ఇద్దరూ కూడా నవ్వారు.

ఆమె మాత్రం నవ్వలేదు. "నేను దొంగ తొక్కుడు తొక్కినా. కాదనను. దాచుకోని తొక్కలా, రోడ్డు మీద పగలు నలుగురూ చూస్తా ఉండంగా తొక్కినా. చక్రం తిరిగింది నా కాళ్ళతో. నీ చక్రం యాడి డీజిలుతో తిరిగిందన్నా? ఇప్పుడు చెప్పండి అయ్యోరా, దొంగ తొక్కుడు ఎవురిది?"

రామనారాయణ తల ఎత్తాడు. ఈసారి జనం వైపు చూడలేదు. "రూలు అందరికీ ఒకటే అన్నాను. నరసింహం, సాయంత్రం బస్సుకు నువ్వు పో."

పెంచలనరసింహం ముఖం పాలిపోయింది. ఉదయగిరి బస్టాండులో దిగితే పద్మావతమ్మే మొదట అడుగుతుంది, ఆ తర్వాత వీధి. సోడా సీసా కింద పెట్టేశాడు.

"బస్సెందుకు అయ్యోరా," అంది షరీఫున్నీసా. "బస్సులో కూచుంటే అదే పోతుంది, ఆయనకు అలవాటే. ఎగ్గొట్టిన మిట్ట ఉండాది గదా, నాలుగు మైళ్ళు పొయి, కింద నించి మళ్ళీ తొక్కి రమ్మనండి. ఇంకా పొద్దుండాది."

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన ఆమె వైపు చూశాడు. సైకిలు స్టాండు తన్ని బయలుదేరాడు.

ఆయన పోయిన కాసేపటికే దర్గా బస్సు వచ్చింది. చెంచయ్య కుంటుకుంటూ దిగి, దిగుతూనే, "నేను బస్సులో వచ్చినాను, టికెట్టు కూడా ఉండాది," అని అందరికీ వినపడేటట్టు అరిచాడు. పైనుంచి లిదియమ్మ సైకిలు దింపించాడు. ఎస్తేరమ్మ దగ్గర కిరసనాయిలు అడిగి షరీఫున్నీసా పోస్టుమాను సీటు గొట్టంలో పోసింది, నానబెట్టింది, సుత్తితో కొట్టింది, మళ్ళీ పోసింది. నాలుగోసారికి ముప్పై ఏళ్ళ తుప్పు 'క్రీచ్' మని ఏడ్చి వదిలింది. సీటు జానెడు దిగింది. ఎక్కి కూర్చుని చూసుకుంది. కాళ్ళు అందాయి.

పొద్దు కొండ వెనక్కి జారుతుండగా పెంచలనరసింహం వచ్చాడు. తెల్ల ప్యాంటు ఎర్రమట్టి రంగుకు తిరిగింది. సైకిలు నిలబెట్టి కొట్టు ముందు చతికిలబడ్డాడు.

"రెండు చేతులూ చూపించన్నా," అంది షరీఫున్నీసా.

చూపించాడు. తోవలో ఎక్కడో బూడిదతో రుద్దుకున్నట్టున్నాడు, ఎడమచేయి పాతమరకతో మసగ్గా ఉంది. కొత్త నలుపు లేదు. కుడి అరచేతిలో మాత్రం హ్యాండిలు పట్టుకుని బొబ్బ లేచింది. ఆమె ఎస్తేరమ్మ దగ్గర గోలీసోడా ఒకటి తీసి కొట్టి ఇచ్చింది.

"నేను తొక్కినానమ్మే," అన్నాడు ఊపిరి ఎగబోస్తూ.

"తెలస్తా ఉండాది లే. తాగు."

రామనారాయణ పొద్దున ఆమె దగ్గర తీసుకున్న పేర్ల కాగితం జేబులోంచి తీశాడు. చెంచయ్య పేరు కొట్టేశాడు. తొమ్మిదో వరుస దగ్గర కలం ఆగింది. "వహాబు షాపు మనిషి అని ఉందమ్మా. కొట్టేసి నీ పేరు రాస్తా. షరీఫున్నీసా, అంతే గదా?"

"కొట్టెయ్యబాకండి అయ్యోరా. మనిషని అట్టానే ఉండనీండి. పక్కన పేరు రాయండి."

ఉదయగిరి బస్సు హారను కొట్టింది. విరిగిన సైకిలు పైకెక్కించి, చెంచయ్య మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగాడు. "మీ నాయనకు ఏమని చెప్పమంటావు షరీపూ?"

"షాపు మనిషి మద్రాసు పొయ్యిందని చెప్పు మామా. తాళం నేనొచ్చి తీస్తానని చెప్పు."

బస్సు కదిలింది. ఆమె పంపూ, ఒక బక్కెటు నీళ్ళూ తీసుకుని పెంచలనరసింహం సైకిలు దగ్గరికి పోయి వెనక టైరు నొక్కి చూసింది. మిట్ట మీద మళ్ళీ ముల్లు దిగినట్టుంది, గాలి సగం పోయింది.

"లెయ్యన్నా," అంది. "కొట్లో దీపం తెచ్చి ఇట్టా పట్టుకో, బుడగ కనపడాల."

ఆయన లేచి దీపం పట్టుకున్నాడు.